యాదీలో పేరుంది, జాగా లేదు: మా ఘర్కుల్ అనుభవం

మా ఊళ్ళో ఇల్లు లేనివాళ్ళు ఎందరని అడిగితే ఒకప్పుడు అందరూ ‘ఎవరూ లేరు’ అనే చెప్పేవారు. పట్నంలో అయితే ఫుట్‌పాత్ మీద పడుకున్న మనిషి కంటికి కనిపిస్తాడు. పల్లెలో అట్లా కనిపించరు. అన్న ఇంటి వసారాలో, ఎవరిదో పశువుల కొట్టంలో ఓ మూలన, చేను కాపలా గుడిసెలో ఉంటారు. రేషన్ కార్డు మీద అడ్రస్ ఉంటుంది, ఓటు ఉంటుంది, తలుపు మాత్రం ఉండదు. నేను అట్లా బతికిన మనిషిని. మా తమ్ముడి వసారాలో ఇద్దరు పిల్లలతో ఉండి, అక్కడి నుంచి నా పేరు మీద ఘర్కుల్ దాకా, అంటే ప్రభుత్వ సాయంతో కట్టుకున్న ఇంటిదాకా, ఎట్లా వచ్చానో రాస్తున్నాను. మా వైపు ఇంకా చాలామంది ఇదే దారిలో మధ్యలో ఆగిపోయి ఉన్నారు. వాళ్ళకు పనికొస్తుందని ఆశ.

మాది మహారాష్ట్రలో గడ్చిరోలి జిల్లా దక్షిణపు కొస. ప్రాణహిత ఒడ్డున ఊరు. నది దాటితే తెలంగాణ. ఇంట్లో తెలుగు, ఆఫీసులో మరాఠీ, అడవి వైపు వెళితే మాడియా, గోండి. ఏడాదిలో కొన్ని నెలలు వరి పని, వేసవి మొదట్లో అవతలి ఒడ్డుకు మిరపకాయ ఏరడానికి వలస, మే నెలలో తునికాకు. మా ఊళ్ళో సగం మంది బతుకు ఇంతే.

మా ఆయన ఉన్నప్పుడు నది దగ్గర అత్తమ్మ వాళ్ళు వేసుకున్న మట్టిగోడల గుడిసెలో ఉండేవాళ్ళం. ఆయన జబ్బు చేసి పోయారు. ఆ తర్వాత 2022 జులైలో గోదావరి, ప్రాణహిత ఒకేసారి పొంగాయి. భద్రాచలం దగ్గర నీటిమట్టం 70 అడుగులు దాటిన వరద అదే. మమ్మల్ని ముందే బడిలోకి తరలించారు కాబట్టి ప్రాణాలు దక్కాయి. నీళ్ళు దిగాక వెళ్ళి చూస్తే గోడలు కూలి బురదలో కలిసిపోయి ఉన్నాయి. పైకప్పు కర్రలు ఎటు కొట్టుకుపోయాయో తెలియలేదు. అప్పటి నుంచి తమ్ముడి వసారాలో ఉన్నాం. మరదలు ఒక్క మాట కూడా అనలేదు. కానీ తన పిల్లలు చదువుకునే చోట నా పిల్లలు పడుకోవాలి, చలికాలంలో రెండు కుటుంబాలకు ఒకటే పొయ్యి. ఎవరూ ఏమీ అనకపోయినా, ఇది నా ఇల్లు కాదన్న సంగతి ప్రతి పూటా గుర్తొచ్చేది.

ఇక పథకం సంగతి. ఇందిరా ఆవాస్ యోజన స్థానంలో 2016లో ప్రధానమంత్రి ఆవాస్ యోజన గ్రామీణ్ తెచ్చారు. మా వైపు దాన్ని ఎవరూ ఆ పేరుతో పిలవరు, ఘర్కుల్ అంటారు. ఖర్చులో కేంద్రానిది 60 వంతులు, రాష్ట్రానిది 40. మైదాన ప్రాంతంలో ఇంటికి 1.20 లక్షలు. గడ్చిరోలి లాంటి జిల్లాల్లో, కొండ ప్రాంతాల్లో 1.30 లక్షలు. ఇల్లు కనీసం 25 చదరపు మీటర్లు ఉండాలి, అంటే 269 చదరపు అడుగులు, వంట చోటుతో కలిపి. దీనికి తోడు మన ఇంటి పని మనమే చేసుకున్నందుకు ఉపాధి హామీ కింద మా దగ్గర 95 రోజుల కూలి, మరుగుదొడ్డికి 12 వేలు. మొదట 2011 సామాజిక ఆర్థిక కుల గణన ప్రకారం పేర్లు తీశారు. అందులో తప్పిపోయినవాళ్ళ కోసం 2018-19లో ఆవాస్ ప్లస్ సర్వే చేశారు. ఆ సర్వే నుంచి వచ్చిన పేర్లనే మా దగ్గర ‘డ యాదీ’, అంటే ‘డ’ జాబితా అంటారు. ఘర్కుల్ గురించి ఎవరిని అడిగినా మొదటి ప్రశ్న ఒకటే: డ యాదీలో పేరుందా?

మా ఆయన పేరుంది. సర్వే చేసినప్పుడు ఆయన బతికే ఉన్నారు. మరి ఇల్లెందుకు రాలేదు? ఒక ఆఫీసులో అడిగితే లబ్ధిదారుడు చనిపోయాడు కాబట్టి వారసు కాగితం కావాలన్నారు. దాని కోసం ఇంకో చోటికి వెళితే మరణ ధ్రువపత్రంలో పేరు ఒక రకంగా, ఆధార్‌లో ఇంకో రకంగా ఉందన్నారు. అది సరిచేయించి వస్తే, ‘ఇల్లు కట్టడానికి జాగా ఏదమ్మా, జాగా కాగితం తీసుకురా’ అన్నారు. ఎవరూ కసురుకోలేదు, లంచం అడగలేదు. ఎవరి పని వాళ్ళు సరిగానే చెప్పారు. కానీ ఒక్కో కాగితం ఒక్కో బల్ల దగ్గర ఉంది. బల్లకూ బల్లకూ మధ్య నడవాల్సింది నేను. కూలి పోగొట్టుకుని బస్సు కోసం నిలబడితే ఒక్కోసారి సర్ మీటింగుకు వెళ్ళి ఉంటారు. కాగితాలన్నీ మరాఠీలో. నేను చదవగలను, మా అత్తమ్మ వయసు వాళ్ళు చదవలేరు.

ఆ చలికాలంలోనే మా వైపు మహా ఆవాస్ అభియాన్ పని మొదలైంది. మహారాష్ట్ర ప్రభుత్వం 2020 నవంబర్ 20న మొదటిసారి దీన్ని పెట్టింది, తర్వాత కూడా మళ్ళీ నడిపింది. కొత్తగా డబ్బిచ్చే పథకం కాదిది. మంజూరై ఆగిపోయిన ఇళ్ళను పూర్తి చేయించడం, జాగా లేనివాళ్ళకు జాగా వెతకడం, మేస్త్రీలకు శిక్షణ, నమూనా ఇళ్ళు, మహిళా సంఘాలు నడిపే ఘర్కుల్ మార్ట్‌లు (ఇల్లు కట్టే సామాను అమ్మే దుకాణాలు), ఇట్లాంటి పనులన్నీ ఇందులో పెట్టారు. స్వచ్ఛంద సంస్థలను కలుపుకోవాలని కూడా చెప్పారు. మా దగ్గర పనిచేసిన సంస్థ చిన్నది, దాని పేరు ఇక్కడ అవసరం లేదు. దానికీ ప్రభుత్వ యంత్రాంగానికీ కుదిరిన ఏర్పాటు నాకు అర్థమైనంత వరకు ఇది: ఇల్లు మంజూరు చేసేది, డబ్బు వేసేది, కొలతలు చూసేది ప్రభుత్వం. ఊళ్ళోకి వచ్చి మనిషిని వెతికి, కాగితాలు కూర్చి, జాగా బేరం దగ్గర పక్కన నిలబడి, గోడ లేచేటప్పుడు ఎట్లా కట్టాలో చెప్పేది సంస్థ. ఇంటికి ఒక్క రూపాయి కూడా సంస్థ ఇవ్వదు.

ఈ చివరి మాట విని ఊళ్ళో చాలామందికి నిరాశ కలిగింది. ‘డబ్బులియ్యని సంస్థ ఎందుకొచ్చింది, ఫోటోలు తీసుకోవడానికా?’ అని అడిగినవాళ్ళున్నారు. నాకూ మొదట అదే అనుమానం. ఇప్పుడు మాత్రం గట్టిగా చెబుతాను, నాకు తక్కువైంది డబ్బు కాదు. నా పేరు మీద 1.30 లక్షలు రాసిపెట్టే ఉన్నాయి. అక్కడిదాకా నన్ను నడిపించే మనిషి లేదు, అంతే.

ఆ మనిషి సంస్థ కార్యకర్త అక్క. మా జిల్లాలోనే అహేరి వైపు ఆడపడుచు, తెలుగు, మరాఠీ, మాడియా మూడూ వచ్చు. ఊళ్ళోకి రాగానే యాదీ తీసి చదవలేదు. బచత్ గట్ (మహిళల పొదుపు సంఘం) మీటింగులో కూర్చుని, ‘ఈ ఊళ్ళో రాత్రి వేరేవాళ్ళ ఇంట్లో పడుకునేదెవరో చెప్పండక్కా’ అని అడిగింది. ఆ ప్రశ్న మమ్మల్ని అంతకుముందు ఎవరూ అడగలేదు. ఆడవాళ్ళు ఒకరి తర్వాత ఒకరు పేర్లు చెప్పడం మొదలుపెట్టారు. కొడుకు వెళ్ళగొట్టిన ముసలాయన, భర్త వదిలేసి పుట్టింటికి వచ్చిన పిల్ల, అడవి అంచున పాలిథిన్ కవర్ కప్పుకుని ఉంటున్న జంట, నేను. కొందరు యాదీలో ఉన్నారు, కొందరు అసలు ఏ లెక్కలోనూ లేరు. అక్క రెండు వేరు వేరు పట్టీలు రాసుకుంది. యాదీలో ఉండి జాగా లేనివాళ్ళ పని వెంటనే మొదలుపెట్టొచ్చు, యాదీలో లేనివాళ్ళ కోసం కొత్త సర్వే దాకా ఆగాలి అని ముఖం మీదే చెప్పింది. అట్లా నిజం చెప్పడం వల్లే నాకు నమ్మకం కుదిరింది.

తర్వాత జరిగిన శిబిరం గురించి కొంచెం వివరంగా చెప్పాలి. గ్రామపంచాయతీ హాలులో గ్రామసేవక్ (పంచాయతీ కార్యదర్శి), తలాఠీ సర్ (భూమి రికార్డులు చూసే అధికారి), గృహనిర్మాణ ఇంజనీర్ సర్, రోజ్‌గార్ సేవక్ (ఉపాధి హామీ పని చూసే మనిషి), బ్యాంక్ మిత్ర (ఊళ్ళో బ్యాంకు పనులు చేసిపెట్టే మనిషి), సంస్థ అక్క అందరూ ఒకే బల్ల దగ్గర కూర్చున్నారు. నా ఫైలు అక్క చేతిలో ఉంది. ‘ఈమె భర్త పేరు యాదీలో ఉంది, మరణ ధ్రువపత్రం ఇదిగో, పేరు తేడాకు ప్రతిజ్ఞాపత్రం (అఫిడవిట్) ఇదిగో, వారసు గురించి గ్రామసభ ఠరావు (తీర్మానం) కావాలి’ అని మరాఠీలో చెప్పింది. గ్రామసేవక్ తలాఠీ వైపు చూశారు, ఆయన కాగితం తిప్పి చూసి సరే అన్నారు. అంతకుముందు ఇదే ప్రశ్న నేను ఒకరి నుంచి ఇంకొకరికి మోశాను. పక్కపక్కన కూర్చుంటే వాళ్ళే మాట్లాడుకున్నారు. రోజ్‌గార్ సేవక్ అక్కడే నా జాబ్‌కార్డ్ నంబర్ రాసుకున్నారు. మా ఆయన పేరు తీసి నా పేరు ఎక్కించడానికి పై ఆఫీసులో ఇంకా టైం పట్టింది, అది వేరే సంగతి. కానీ దారి ఆ బల్ల దగ్గరే తెరుచుకుంది.

ఇంక మిగిలింది జాగా. అసలు కష్టం ఇక్కడే.

నది దగ్గర మా పాత చోటు ప్రభుత్వ భూమి. 2011కి ముందు నుంచి ప్రభుత్వ భూమిలో ఇల్లు వేసుకుని ఉన్న పేదల ఆక్రమణలను క్రమబద్ధం చేసే వీలు మహారాష్ట్రలో ఉంది. మేం అంతకంటే ముందు నుంచే ఉన్నాం కాబట్టి నాకు ఆశ కలిగింది. తలాఠీ సర్ నక్షా చూసి, అది నది పక్కన నీళ్ళు వచ్చే చోటని, అక్కడ కుదరదని చెప్పారు. నిజమే. ఆ వరద చూశాక నేను కూడా అక్కడ పిల్లలను పడుకోబెట్టలేను.

జాగా కొనుక్కోవడానికి కూడా రాష్ట్రంలో ఒక పథకం ఉంది. పండిత్ దీనదయాళ్ ఉపాధ్యాయ పేరు మీద ఉన్న ఘర్కుల్ జాగా కొనుగోలు సాయం. అప్పట్లో 500 చదరపు అడుగుల దాకా కొనడానికి 50 వేల వరకు ఇచ్చేవారు, తర్వాత లక్షకు పెంచారు. ఈ పథకం సంగతి మా ఊళ్ళో ఒక్కరికి కూడా తెలియదు. సంస్థ అక్క చెప్పినప్పుడు మా సర్పంచ్ కూడా ఆశ్చర్యపోయారు.

మా చిన్నాన్న కొడుకు, వరసకు అన్న, రోడ్డు పక్కన తన చేనులో ఒక గుంట జాగా ఇస్తానన్నాడు. సంతోషంగా తలాఠీ దగ్గరికి వెళ్ళాం. అక్కడ తుకడేబందీ చట్టం అడ్డొచ్చింది. వ్యవసాయ భూమిని మరీ చిన్న ముక్కలు చేసి అమ్మకూడదని మహారాష్ట్రలో ఉన్న 1947 నాటి చట్టమది. భూమి ముక్కలు ముక్కలై వ్యవసాయం దెబ్బతినకూడదని పెట్టారు. ఉద్దేశం మంచిదే. కానీ గుంట జాగా కొనుక్కుని ఇల్లు కట్టుకోవాలనుకునే నాలాంటి వాళ్ళకు అదే గోడయింది. ఇచ్చే మనిషి ఉన్నాడు, డబ్బిచ్చే పథకం ఉంది, రిజిస్ట్రేషన్ మాత్రం కాదు. ఆ తర్వాత ఘర్కుల్ లబ్ధిదారులకు వెయ్యి చదరపు అడుగుల దాకా కలెక్టర్ అనుమతితో కొనుక్కునే సడలింపు వచ్చింది. ఇప్పుడు ఎవరైనా చేను ముక్క ఇస్తామంటే ఆ దారి ఉందని గుర్తుపెట్టుకోండి. నా టైంకి అది లేదు.

ఇంక గావ్‌ఠాన్‌లోనే, అంటే ఊరి నివాస హద్దు లోపలే వెతకాలి. అక్కడ జాగా అమ్మేవాళ్ళు తక్కువ. సంస్థ అక్క పంచాయతీలో నమూనా ఎనిమిది రిజిస్టర్ (ఊళ్ళో ఇళ్ళు, జాగాలు ఎవరివో రాసి ఉండే పుస్తకం) ముందేసుకుని, ఎవరి పేరు మీద ఖాళీ జాగా ఉందో గ్రామసేవక్‌తో కలిసి చూసింది. పాడుబడిన ఇళ్ళు, వలస వెళ్ళినవాళ్ళ జాగాలు అందులో బయటపడ్డాయి. మా వీధి చివర ఒక అవ్వ ఉండేది. కొడుకులు మంచిర్యాలలో స్థిరపడ్డారు. ఆమె ఇంటి పక్క జాగా గడ్డి పెరిగి ఉంది. నేను, అక్క, మా తమ్ముడు వెళ్ళి అడిగాం.

‘నా కొడుకులు రేపు వస్తే ఏడ కట్టుకుంటరు బిడ్డా?’ అంది అవ్వ.

కొడుకులతో ఫోన్లో మాట్లాడించాం. పెద్దాయన వెంటనే ఒప్పుకున్నాడు, చిన్నాయన ధర చాలదన్నాడు. చాలా రోజులు అట్లాగే నడిచింది. చివరికి అవ్వే తేల్చింది: ‘రాత్రి పూట నాకు దగ్గొస్తే మంచినీళ్ళిచ్చే మనిషి పక్కన ఉంటది, ఇస్త.’ బయానాకు మా బచత్ గట్ నుంచి అప్పు తీసుకున్నాను. రిజిస్ట్రేషన్ రోజు సంస్థ అక్క పక్కనే ఉండి ప్రతి పేజీ నాకు చదివి వినిపించింది. ఆ కాగితం మీద నా పేరు, నా వేలిముద్ర. అంతకుముందు నా పేరు మీద ఉన్నవి రేషన్ కార్డు, జాబ్‌కార్డు మాత్రమే.

జాగా తేలాక మంజూరు తొందరగానే వచ్చింది. మొదటి విడత ఖాతాలో పడింది.

కట్టడం గురించి ఇప్పుడు. చేతికొచ్చే డబ్బు లెక్క ఇది: 1.30 లక్షలు, ఉపాధి కూలి 95 రోజులు. 2023-24లో మహారాష్ట్ర కూలి రేటు రోజుకు 273 రూపాయలు, అంటే 25,935. మరుగుదొడ్డి 12 వేలు. మొత్తం 1,67,935. ఈ డబ్బుతో స్లాబ్ ఇల్లు పూర్తి కాదు. ఎవరు అవుతుందని చెప్పినా నమ్మకండి. మా వైపు సగంలో ఆగిపోయిన ఘర్కుల్స్ చూస్తే ఎక్కువ భాగం స్లాబ్ దగ్గర ఆగినవే. గోడలు లేచి, పైన సలాకలు తుప్పుపట్టి, లోపల మళ్ళీ పాలిథిన్ కవర్ కట్టుకుని ఉంటారు. ఊళ్ళో స్లాబ్ అంటే పరువు, రేకులంటే చిన్నచూపు. మా తమ్ముడు కూడా, ‘అప్పు చేసైనా స్లాబ్ వేద్దాం అక్కా’ అన్నాడు.

సంస్థకు ఒక కుర్ర ఇంజనీరు ఉండేవాడు. పంచాయత్ సమితి ఇంజనీర్ సర్‌కు మా తాలూకాలో ఎన్నో ఊళ్ళు, ఒక్కో ఇంటికి వచ్చి నిలబడే టైం ఆయనకు ఉండదు. ఆ లోటు ఈ అబ్బాయి తీర్చాడు. నన్ను కూర్చోబెట్టి ముందు పునాది గురించి మాట్లాడాడు. బడి గోడ మీద 2022 నీళ్ళ గుర్తు ఇంకా ఉంది. అక్కడి నుంచి నీళ్ళు నింపిన పైపుతో లెవెల్ పట్టుకొచ్చి నా జాగాలో ఒక కర్ర పాతాడు. ‘ఆ వరద మళ్ళీ వస్తే ఇక్కడిదాకా వస్తుందక్కా. అరుగు దీనికంటే పైన ఉండాలి’ అన్నాడు. దానికి మొరం, రాయి అదనంగా కావాలి. డబ్బు అక్కడ పెడితే స్లాబ్‌కు మిగలదు. నేను అరుగే ఎంచుకున్నాను. పైన రేకులు, కింద వేడి ఆగడానికి వెదురు తడకల సీలింగ్. నాలుగు మూలల్లో పిల్లర్లు, పునాది పైన ఒకటి, గుమ్మాల పైన ఒకటి చొప్పున ఇల్లంతా చుట్టి వచ్చే కాంక్రీట్ పట్టీలు. రేపు నా కొడుకు సంపాదిస్తే ఆ గోడల మీదే స్లాబ్ వేసుకోవచ్చు. మేస్త్రి ఆ పట్టీలు దండగని గొణిగాడు. పంచాయతీ దగ్గర కట్టిన నమూనా ఇంటికి తీసుకెళ్ళి చూపించాక ఒప్పుకున్నాడు. ఇల్లు లేని మనిషికి ఇల్లు ఇవ్వడమంటే మళ్ళీ కొట్టుకుపోని ఇల్లు ఇవ్వడం. వరద ప్రాంతాల్లో అరుగు ఎత్తు కోసం విడిగా కొంత డబ్బు ఇవ్వాలని నేను కలిసిన ప్రతి అధికారికీ చెప్పాను, ఇక్కడా చెబుతున్నాను.

ఇసుక. ఘర్కుల్‌కు 5 బ్రాస్ ఇసుక ఉచితం. బ్రాస్ అంటే వంద ఘనపు అడుగులు. నది మా ఇంటి ముందే ఉంది, అయినా పాసు లేకుండా తట్ట ఇసుక తెచ్చినా కేసే. పాసు తహసీల్ నుంచి రావాలి. అది వచ్చాక ట్రాక్టర్ కిరాయి మనదే. ఇసుక ఉచితం, కిరాయి కాదు. మా వీధిలో మంజూరైనవాళ్ళం కలిసి ఒకే ట్రాక్టర్ మాట్లాడుకున్నాం. సిమెంట్ కూడా అట్లాగే కలిపి తెప్పించాం.

మహిళా సంఘం నడిపిన ఘర్కుల్ మార్ట్ నాకు ఎంత మేలు చేసిందో ఎక్కువ చెప్పుకోను, ఒక్క విషయం చాలు. విడతల డబ్బు పని అయ్యాక వస్తుంది. పునాది అయితే ఫోటో, గోడలు అయితే ఫోటో. ఫోటోలో నేను ఇంటి ముందు నిలబడాలి, ఫోన్‌లో స్థలం గుర్తు పడాలి. మా ఊళ్ళో నెట్‌వర్క్ సరిగా ఉండదు కాబట్టి ఇంజనీర్ సర్ తాలూకాకు వెళ్ళాక ఎక్కించేవారు. ఫోటో ఎక్కి, పైన చూసి, డబ్బు పడేసరికి పని ఆగిపోతుంది. పని ఆగితే మేస్త్రి ఇంకో ఇంటికి వెళ్ళిపోతాడు. మళ్ళీ దొరకడు, వానలు వచ్చేస్తాయి. ఘర్కుల్స్ ఆగిపోవడానికి స్లాబ్ తర్వాత రెండో కారణం ఇదే. మార్ట్ మా గట్ పేరు మీద సిమెంట్, రేకులు అరువుకు ఇచ్చింది. విడత పడగానే కట్టేశాను. బయటి షాపులో ఒంటరి ఆడదానికి ఎవరూ అంత అరువు ఇవ్వరు.

ఉపాధి కూలి దగ్గర కొంత టెన్షన్ పడ్డాను. మస్టర్ (కూలి హాజరు పట్టీ) నిండింది, కూలి పడిందని కంప్యూటర్ చూపిస్తోంది, నా పాస్‌బుక్‌లో లేదు. ఆధార్‌కు అతికిన ఖాతా వేరేదట. ఎప్పుడో ఫోన్ సిమ్ తీసుకున్నప్పుడు నాకు తెలియకుండానే తెరిచిన ఖాతా అది. బ్యాంక్ మిత్ర దాన్ని కనిపెట్టి మార్పించారు. కూలి డబ్బు పడక ఇల్లు ఆగిందంటే ముందు ఈ సంగతి చూసుకోండి.

వానలకు ముందే పైకప్పు పడింది. గృహప్రవేశానికి అవ్వ చేత పాలు పొంగించాం.

ఆ మార్చితో సంస్థ పని అయిపోయింది. అభియాన్ గడువు అయింది, వాళ్ళ ప్రాజెక్టు గడువూ అయింది. అక్కను వేరే జిల్లాకు పంపారు. నాతో పాటు ఫైలు మొదలైన కొందరివి సగంలో ఉన్నాయి. మళ్ళీ పాత పద్ధతే, ఈ బల్ల నుంచి ఆ బల్లకు. నాకు ఇది చాలా బాధ కలిగించింది, ఇప్పటికీ కలిగిస్తోంది. ఒక మనిషికి జాగా దొరకడానికే ఏడాది పట్టే చోట వంద రోజుల అభియాన్, ఏడాది ప్రాజెక్టు ఏం సరిపోతాయి? సంస్థకూ ప్రభుత్వానికీ ఒప్పందం రాసుకునేటప్పుడు గడువు క్యాలెండర్ ప్రకారం పెట్టకూడదు, ఆ ఊళ్ళో చివరి ఫైలు తేలేదాకా పెట్టాలి.

అక్క వెళ్ళే ముందు తన రెండు పట్టీలు మా గట్‌కు ఇచ్చి వెళ్ళింది. అప్పటి నుంచి ఫైళ్ళు పట్టుకుని తాలూకాకు వెళ్ళే పని మేమే చేస్తున్నాం. ఫారాలు నింపడం నేను నేర్చుకున్నాను. ఎవరు ఏ బల్ల దగ్గర ఆగారో చూసి, ఇద్దరు అధికారులూ ఒకేసారి ఉండే రోజు కనుక్కుని వెళతాం.

ఆ రెండో పట్టీ, అంటే ఏ యాదీలోనూ లేనివాళ్ళ పట్టీ, 2025లో పనికొచ్చింది. కేంద్రం ఇంకో రెండు కోట్ల ఇళ్ళు ఇస్తామని 2024 ఆగస్టులో నిర్ణయించింది, దాని కోసం కొత్త ఆవాస్ ప్లస్ సర్వే పెట్టారు. నిబంధనలు కూడా కొంత సడలించారు. ఇంతకుముందు బైక్ ఉన్నా, ఫ్రిజ్ ఉన్నా పేరు కొట్టేసేవారు, ఇప్పుడు అవి అడ్డు కావు. నెలాదాయం హద్దు 10 వేల నుంచి 15 వేలకు పెంచారు. ఫోన్‌లో యాప్‌తో మనమే వివరాలు పెట్టుకునే వీలు కూడా ఇచ్చారు, ముఖం గుర్తింపుతో.

అంతా బాగానే ఉంది, కానీ సర్వే నడిచింది సరిగ్గా మిరప ఏరే కాలంలో. ఎవరికి ఇల్లు లేదో వాళ్ళే ఊళ్ళో లేరు. నది అవతల చేలల్లో టార్పాలిన్ల కింద ఉన్నారు. ఉంటున్న చోటు ఫోటో తీయాలి కాబట్టి అక్కడి నుంచి పెట్టడం కుదరదు. సర్వేకు వచ్చిన మనిషి తాళం వేసిన గుడిసె చూసి, లేదంటే అసలు గుడిసే లేక, ముందుకు వెళ్ళిపోతాడు. మేం పట్టీలోని ప్రతి పేరుకూ ఫోన్ చేశాం. ముఠా మేస్త్రీలతో మాట్లాడి, ఇంటికి ఒక్కరు ఒక్క రోజు వచ్చి పోయేలా ఒప్పించాం. మార్చి నెలాఖరు వరకే అన్నారు, తర్వాత గడువు పెంచారు. పెంచకపోతే మా ఊళ్ళో చాలామంది మళ్ళీ తప్పిపోయేవారు. కూలి కోసం వలస వెళ్ళే జిల్లాల్లో ఈ సర్వే తునికాకు అయిపోయాక, వానలకు ముందు పెట్టాలి. అప్పుడు అందరూ ఇంటి దగ్గరే ఉంటారు.

కొడుకు వెళ్ళగొట్టిన ముసలాయన పేరు ఎక్కింది. పుట్టింటికొచ్చిన పిల్ల పేరు ఎక్కించడానికి ఎక్కువ కష్టపడ్డాం. రేషన్ కార్డు ఇంకా అత్తగారి ఊళ్ళోనే ఉంది. అడవి అంచున ఉన్న జంటది వేరే కథ, వాళ్ళున్నది అటవీ శాఖ భూమి. 2006 అటవీ హక్కుల చట్టం కింద హక్కు కోసం దరఖాస్తు పెట్టుకున్నారు, అది తేలాలి. పేరు ఎక్కినా వాళ్ళ కాళ్ళ కింద భూమి తేలకపోతే నా కథే మళ్ళీ మొదలవుతుంది.

అందుకే ఈసారి జాగా ముందే అడుగుతున్నాం. ఊరి బడి వెనక గైరాన్‌లో, అంటే ఊరి పశువుల మేత భూమిలో, కొంచెం ఎత్తైన ముక్క ఉంది, 2022లో కూడా నీళ్ళు రాలేదు. దాన్ని జాగా లేనివాళ్ళ ఘర్కుల్స్ కోసం కేటాయించమని జిల్లాకు పంపే ఠరావు మా గట్ రాసిపెట్టుకుంది. జనవరి 26 గ్రామసభలో పెట్టాలి, ఎందుకంటే ఫిబ్రవరికల్లా సగం ఊరు మిరప చేలకు పోతుంది. కోరం కావాలంటే ఓటర్లలో 15 శాతం లేదా 100 మంది, ఏది తక్కువైతే అంతమంది కూర్చోవాలి. ఇప్పుడు ఇంటింటికీ తిరిగి ఆ మాటే చెబుతున్నాం: వెళ్ళే ముందు ఆ ఒక్క పూట పంచాయతీ దగ్గరికి రండి, ఆధార్ కార్డు పట్టుకు రండి.